బాస్ సెట్టింగు

మంగళవారం, రాత్రి

ఒళ్ళు మండిపోతోంది. మా కంచరపాలెం జిరాక్స్ షాపులో కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ళ వెనక్కి పోయేది. వెబ్‌సైట్లు తెరుచుకోక జనం విసుక్కునేవారు. ఇవాళ పొద్దున్న డబ్బా విప్పి, మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ మార్చింది నేను. ఆన్ అవుతుండగా డిలీట్ నొక్కి, బయోస్ అనే లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళి తేదీ సరిచేసింది నేను.

మధ్యాహ్నం మా ఆయన స్నేహితుడు వచ్చి, "ఏటి బావా, బాగయిపోనాదా?" అన్నాడు.

"నానే సేసినాను. అది బాస్ సెట్టింగు బావా, అందరికీ రాదు" అన్నారు ఈయన. దాని పేరు పలకడం కూడా రాదు! పైగా నావైపు తిరిగి, "ఏటే, రెండు టీలు అట్టుకురా" అని.

తెచ్చాను. అదే ఇంకా మండుతోంది.

షాపు మూసేముందు మళ్ళీ బయోస్‌లోకి వెళ్ళి పాస్‌వర్డ్ పెట్టేశాను. రేపు తాళం తీసేది ఈయనే. పాస్‌వర్డ్ కొట్టకపోతే కంప్యూటర్ కదలదు. పొద్దున్నే వచ్చినవాళ్ళు ఇబ్బంది పడతారేమో... అయినా అదేమంత కష్టమైనది కాదు. నా పేరే. పెళ్ళయిన దగ్గర్నుంచి నన్ను 'ఏటే' అని తప్ప పిలవని మనిషికి, అది ఎప్పుడు తడుతుందో చూద్దాం.