మిల్లు టవరు మీంచి అర్కావతి

బెంగుళూరు, 12-11-78

ఏమండీ, వందనాలు. నా కంటి ఆపరేషన్ గురించి ఇక బెంగ పెట్టుకోకండి.

నిన్న అల్లుడు ఇమ్మానుయేలు అర్కావతి ఒడ్డున మూతపడ్డ నూలుమిల్లు చూపించడానికి తీసుకెళ్లాడు. అక్కడ నీళ్ల టవరు ఎక్కనిస్తున్నారు. "మెట్లు నిటారుగా ఉన్నాయి, మీరు కిందే కూర్చోండత్తయ్యా" అన్నాడు. నేను వింటానా? కొత్త కళ్లజోడు సర్దుకుని ఎక్కేశాను. పైనుంచి చూస్తే ఏరంతా ఎండకి తళతళలాడుతోంది. "అవతలి ఒడ్డున ఒకావిడ ఎర్రచీర ఆరేస్తోంది చూడవే" అంటే, మన గ్రేసు "ఎక్కడమ్మా, నాకేం కనపడ్డం లేదే" అంది. రేపు దానికి కళ్ల పరీక్ష.

గేదె ఈనిందా? ఊరగాయ జాడీలో తడిగరిటె పెట్టకండి. పాస్టరుగారికి నా వందనాలు చెప్పండి.

ఇన్నాళ్లూ కార్డులు గ్రేసు చేత రాయించాను. ఈ దస్తూరి ఎవరిదో గుర్తుపట్టారా?

మీ సుగుణ