ఈత టీచరమ్మగారి ఆయన

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమంగా, పొడిగా ఉన్నాం. అక్కడ మీరు తడిసినా సరే, క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం మొన్న చేరింది. కవరు తడిసి, ఆరి, అట్టలా బిగుసుకుపోయింది. అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసి, వాన వాసన వస్తోందని చెప్పి, చాలాసేపు నాకు ఇవ్వనే లేదు. మన ఊళ్ళో ఇప్పుడు వాన వాసన కావాలంటే మీ ఉత్తరాలే గతి. కాబట్టి కాస్త తరచుగా రాయండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. అత్తయ్య మోకాలు బాగానే ఉంది. మబ్బు పడితే నొప్పి పెట్టేది కదా, ఇప్పుడు నొప్పి రావడం లేదని దిగులు పడుతున్నారు. మన అమ్మాయి తూనీగకి పై పన్ను వచ్చింది, కొంచెం వంకర. నాన్న పోలికే అంటే ఒప్పుకోవడం లేదు. పెరట్లో మోటారు వేస్తే పైపు గాలి కక్కుతోంది. మీరు రాసినట్టే నీళ్ళు పోసి చూశాను. పోసిన చెంబెడు నీళ్ళూ అదే తాగి ఊరుకుంది. పంపు మెకానిక్ ఇంట్లోనే పంపు ఆడటం లేదని వీధి వీధంతా నవ్వుకుంటోంది. మీరు మాత్రం ఊరు కాని ఊళ్ళో, ఊరంతా నిండిన నీళ్ళు తోడి బయట పోస్తున్నారు. అందులో ఒక్క బిందె ఇటు పంపే పైపు మీ ఆఫీసులో ఎవరైనా కనిపెడితే బాగుండు.

నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తోంది. బట్టలు జాడించిన నీళ్ళతో నేల తుడుస్తున్నాం, నేల తుడిచిన నీళ్ళు గుమ్మం దగ్గరి మొక్కకి పోస్తున్నాం. దానికి సబ్బు వాసన వేసే పువ్వు పూస్తుందని తూనీగ రోజూ వెళ్ళి చూస్తోంది. పేపరు తిరగేస్తే లోకమంతా ఇలాగే ఉంది. ఒక దేశంలో మంచు పేరుకుని వీధి తలుపులు తెరుచుకోవడం లేదట. ఇంకోచోట గాలికి ఇళ్ళ పైకప్పులు పక్క వీధిలోకి వెళ్ళి పడ్డాయట. అతివృష్టి, అనావృష్టి అని చిన్నప్పుడు బళ్ళో ఒకే పాఠంలో చదువుకున్నాం. ఇప్పుడు మన ఒక్క సంసారంలోనే రెండూ ఉన్నాయి. తూనీగ వాళ్ళ టీచరు ఆ పాఠం చెప్పినప్పుడు ఇది లేచి నిలబడి, "మా నాన్న అతివృష్టి, మా అమ్మ అనావృష్టి" అందట.

ఈత కొలను ఎండిపోయాక నా ఉద్యోగం ఏమైందని అడిగారు. ఉద్యోగం ఉంది, నీళ్ళే లేవు. పిల్లలు మానకుండా వస్తున్నారు. వాళ్ళని బల్లల మీద బోర్లా పడుకోబెట్టి కాళ్ళు కొట్టిస్తున్నాను, ఊపిరి ఎప్పుడు పీల్చాలో, ఎప్పుడు వదలాలో ఈల వేసి చెబుతున్నాను. చూసేవాళ్ళకి పిచ్చి ముదిరిందనిపిస్తుంది. అయినా నీళ్ళు వచ్చిన రోజున వీళ్ళు చేపల్లా పోతారు, చూడండి. లోతు వైపు గోడల నీడ పడి, ఊరు మొత్తానికి అదే చల్లని చోటు అయింది. మధ్యాహ్నం అయ్యేసరికి మీ అమ్మగారు నిచ్చెన పట్టుకుని అందులోకి దిగిపోయి, కుర్చీ వేసుకుని కునుకు తీస్తున్నారు. "లోతు ఎక్కువ, ఈత రానివారు దిగరాదు" అన్న బోర్డు సరిగ్గా ఆవిడ తల మీదే ఉంది.

ఇక మీ స్నేహితుడి సంగతి. మీతో పనిచేసే ఒకాయనకి ఈత రాదనీ, నీళ్ళలో పడితే తేలడం ఎలాగో నన్ను అడిగి రాయమన్నాడనీ, మీకు ఇలాంటివాటిలో ఆసక్తి లేకపోయినా అతని కోసం అడుగుతున్నాననీ రాశారు. ఆ ఒక్క పేరాలో మీ అక్షరాలు ఎంత ముద్దుగా, గుండ్రంగా ఉన్నాయో. మీరు అబద్ధం చెప్పేటప్పుడే చేతిరాత అంత శ్రద్ధగా ఉంటుంది.

సరే, ఆయనకే చెబుతాను. నీళ్ళలో పడగానే తల పైకెత్తకూడదు. తల లేస్తే కాళ్ళు మునుగుతాయి. గడ్డం ఆకాశం వైపు పెట్టి, చెవులు మునిగేదాకా తల వెనక్కి వాల్చాలి. పొట్ట పైకి తేవాలి, అది ఆయనకి కష్టం కాదనుకుంటాను. గుండె నిండా గాలి పీల్చి, కాసేపు పట్టి ఉంచి, మెల్లగా వదలాలి. లైఫ్ జాకెట్‌కి కింది పట్టీ ముందు బిగించాలి, పై పట్టీ తరవాత. మంచం మీద వెల్లకిలా పడుకుని సాధన చేయమనండి. తల మీద చెంబు నీళ్ళు పోసుకోవడానికి కూడా ఊపిరి బిగబట్టి కళ్ళు మూసుకునే మనిషైతే, బకెట్‌లో ముఖం పెట్టి బుడగలు వదలడం నుంచి మొదలుపెట్టాలి.

ఇది రాస్తూ నవ్వుతూనే ఉన్నాను. కానీ నిన్న నాకు నవ్వు రాలేదు. నిన్న జరిగింది చెబుతాను.

మీతో పాటు వెళ్ళిన ఎలక్ట్రీషియన్ గారి భార్య ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నా వెనకే నిలబడింది. వాళ్ళాయన ఉత్తరం వచ్చిందట. పంపుల జాలీకి చెత్తా కొమ్మలూ అడ్డం పడితే పడవ మీద వెళ్ళి తీస్తున్నారటగా. ఆ పడవలో అందరికంటే ముందు మీరే నిలబడతారట. "ఈత టీచరమ్మగారి ఆయన మాతో ఉండగా మాకు భయమేంటి అని రాశారండీ మావారు. మీవారి దయవల్ల నేను హాయిగా నిద్రపోతున్నాను" అని నా చెయ్యి పట్టుకుంది. నా బిందె నిండి పొర్లిపోతోంది. ఈ కరువులో నీళ్ళు నేలపాలు చేశానని ట్యాంకరు డ్రైవరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. నాకు ఒక్కటీ వినపడలేదు.

జరిగింది నాకు అర్థమైంది. మీరు అబద్ధం ఆడి ఉండరు. నా ఉద్యోగం ఏమిటని ఎవరో అడిగి ఉంటారు, మీరు చెప్పి ఉంటారు. ఇంకేం, ఈత టీచరు మొగుడికి ఈత రాకపోవడం ఏమిటని వాళ్ళే తీర్మానించుకుని పడవ ముందు నిలబెట్టి ఉంటారు. మీరు నీళ్ళు నమిలి ఊరుకున్నారు. "ఇంట్లో నీ మాట వింటున్నాను, నీళ్ళలో కూడానా" అని ఇన్నేళ్ళూ నా దగ్గర నేర్చుకోకుండా తప్పించుకున్న మనిషి, నలుగురిలో కాదనడానికి మొహమాటపడి వరద నీళ్ళలోకి వెళ్ళారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊళ్ళో పిల్లలందరికీ ఈత నేర్పిన నా సంసారం పడవ అంచున నిలబడింది.

నాకు భయం వేసిందండీ. నీళ్ళంటే భయపడకూడదని ఎంతమంది పిల్లలకి చెప్పానో లెక్కలేదు. నిన్న బిందె ఇంటికి తెచ్చి దించుతుంటే అందులో కదిలే నీళ్ళు చూడలేక దాని మీద మూత పెట్టేశాను.

ఇప్పుడు అసలు సంగతి. కోప్పడతారని ఇంతసేపూ దాచాను. నేను కొలను ఆఫీసు నుంచి మీ పెద్ద ఇంజనీరు గారికి ఫోను చేసి, మీకు ఈత రాదని చెప్పేశాను.

మీకే చేయొచ్చు కదా అంటారు. మీకు చేస్తే మీరంతా బస చేసిన హాల్లో అందరి ముందూ "ఆఁ, ఆఁ, అంతా బాగుంది" అని పెట్టేస్తారు, నాకు తెలియదా. అయినా మీ పరువు తీయడానికి చేతులు రాక ముందు అత్తయ్యని అడిగాను. ఆవిడ లోతు వైపు కుర్చీలోంచి కదలకుండానే అన్నారు: "పరువు పోతే మళ్ళీ తెచ్చుకుంటాడులే. ముందు మనిషి ఉండాలి కదా. ఫోన్ చెయ్యి."

చేశాను. నేను చెప్పింది విని ఇంజనీరు గారు లేచి గది తలుపు వేసినట్టు చప్పుడైంది. తరవాత చిన్న గొంతుతో, "అదేంటమ్మా, ఆయన ఉన్నారన్న ధైర్యంతోనే నేనూ పడవెక్కుతున్నాను. నాకూ రాదు" అన్నారు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన ఉండమని చెప్పి, ఎవరెవరినో విడివిడిగా పక్కకి పిలిచి అడిగి వచ్చారు. పడవ ఎక్కేవాళ్ళలో ఒక్కరికీ ఈత రాదట. ఎలక్ట్రీషియన్ గారితో సహా అందరూ మీ మీద భారం వేసి కూర్చున్నారు, మీరు దేవుడి మీద వేశారు. చెప్పద్దూ, నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయనకీ నవ్వొచ్చినట్టుంది, దగ్గుతో కప్పుకున్నారు. ఈత వచ్చే మనుషులను వేరే డివిజన్ నుంచి తెప్పిస్తాననీ, అందాకా మీవాళ్ళంతా గట్టు మీది పనే చేస్తారనీ మాట ఇచ్చారు. ఆ ఊళ్ళో మిట్ట మీద కాలేజీకి ఈత కొలను ఉందట, నీళ్ళతో నిండుగా. "మీరే వచ్చి మా అందరికీ నేర్పరాదూ" అని అడిగారు. ఇక్కడ నా పని బల్లల మీదే కాబట్టి సెలవు అడగ్గానే ఇచ్చారు. పిల్లల బల్లలకి ఈల వేసే బాధ్యత అత్తయ్య తీసుకున్నారు. తూనీగ కూడా ఆవిడ దగ్గరే ఉంటానంది, నానమ్మకి పాఠం చెప్పడం రాదని దాని బెంగ.

ఇంజనీరు గారు ఈ ఫోను సంగతిలో నా పేరు ఎత్తనన్నారు. రూలు వచ్చింది కాబట్టి అందరూ నేర్చుకోవాలని మాత్రమే చెబుతారట. నేను ఈ ఉత్తరంలో రాయకపోతే మీకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ మీ దగ్గర దాచి, మీ ముందు నిలబడి పాఠం చెప్పడం నా వల్ల కాదు. వచ్చే వారం బయలుదేరుతున్నాను.

మొదటి పాఠం ఎలా ఉంటుందో ముందే చెబుతాను. భుజాల లోతు నీళ్ళలో మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెడతాను. మీ వీపు కింద నా చెయ్యి ఉంటుంది. ఏదో ఒక క్షణాన ఆ చెయ్యి తీసేస్తాను, తీస్తున్నానని చెప్పను. కాసేపటికి మీకే తెలుస్తుంది. అప్పుడు లేచి నిలబడి, ఫోను చేసినందుకూ, చెయ్యి తీసినందుకూ కలిపి, మీవాళ్ళందరి ముందూ నన్ను ఎంత కోప్పడాలో అంతా కోప్పడండి. నేను మీ పక్కనే నిలబడి ఆఖరి మాట దాకా వింటాను.

ఇట్లు,
మీ రాక కాదు, తన రాక కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్న
మీ ఆవిడ