బీరన్న షెడ్డులో నలభై రోజులు

సూర్యాపేట,
బుధవారం ఉదయం

సంతూ,

నువ్వు మిర్యాలగూడ దవాఖానకు డిప్యుటేషన్ మీద వెళ్లి మూడు వారాలైంది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. కానీ చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చి, "తిన్నవా?" అని మారిపోతోంది. అందుకే రాసి, మీ ల్యాబు మత్తయ్య ఇటునుంచే రోజూ వస్తాడు కాబట్టి ఆయన చేతికిస్తున్నాను.

నా ఉద్యోగం పోయింది. నిన్నమొన్న కాదు, నలభై రోజులైంది. విత్తనాల కంపెనీ వాళ్లు కోదాడ గోదాము ఎత్తేశారు. ఆ సాయంత్రం చెబుదామనే ఇంటికొచ్చాను. నువ్వు డ్యూటీ దిగి, కాళ్లు పీకుతున్నాయని గోడకు ఆనుకుని కూర్చున్నావు. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు అలవాటుగా టిఫిన్ డబ్బా చేతిలో పెట్టావు. పట్టుకుని కోదాడ బస్సెక్కాను. మొదటి రోజు చెప్పనిది రెండో రోజు చెప్పడం ఇంకా కష్టమైంది. ఇప్పుడు నువ్వు లేకపోయినా, ఇంటి ఓనరమ్మ జయమ్మ చూస్తుందని ఖాళీ డబ్బా పట్టుకుని బయలుదేరుతున్నాను.

వెళ్లేది కోదాడలో బీరన్న మెకానిక్ షెడ్డుకు. రెండేళ్ల కింద నువ్వు వద్దంటున్నా కొన్న పాత పద్మిని కారు అక్కడే ఉంది కదా. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని దాని ఇంజిన్ మీద పడ్డాను. పన్నెండేళ్లుగా కదలని బండి. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తుప్పుతో పట్టేసి ఉన్నాయి. బీరన్న వాటి చుట్టూ మట్టి ఊదించి, నూనె పోయించి, "రెండు దినాలు ముట్టకు" అన్నాడు. ఉండలేకపోయాను. గంటకోసారి లేచి పానా పెట్టి చూసేవాణ్ణి. బయట ఏ బండి ఆగినా మనూరి వాళ్లేమోనని కారు వెనక్కి వెళ్లేవాణ్ణి. "నువ్వు గిట్ల తిరుగుతుంటే నాకు కండ్లు తిరుగుతున్నయ్. జర కూసో" అని బీరన్న విసుక్కునేవాడు.

ఇసుమంత వదులు చేసి, మళ్లీ బిగించి, మళ్లీ నూనె వేసి, రోజుల తరబడి కూర్చుంటే మూడు వచ్చాయి. నాలుగో దాని దగ్గర ఉండగా నిన్న నీ ఫోన్ వచ్చింది. "బావా, ఈడనే ఇన్‌చార్జి సిస్టర్‌గా ఉండిపొమ్మంటున్నరు. నీకు కోదాడ డ్యూటీ ఉంది కదా, వద్దని చెప్పిన" అన్నావు. నేను "సరే" అని పెట్టేశాను. తర్వాత పానాకు ఇనుప పైపు తొడిగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను. టక్కుమంది. ప్లగ్గు పైభాగం ఊడి వచ్చింది. మరలున్న ముక్క లోపలే ఉండిపోయింది.

బీరన్న తిట్టలేదు. "కోపం దాని మీదనా, ఇంకెవరి మీదనన్ననా?" అని అడిగాడు. అంతా చెప్పేశాను. "నాకు చెప్తే ఏమొస్తది? ఆమెకు చెప్పు. ముక్క సంగతి నేను సూస్త, నువ్వు ఇంటికి పో" అన్నాడు.

లేని ఉద్యోగం కోసం నీకొచ్చింది వదులుకోకు. వెళ్లి ఒప్పుకో. నన్ను ఏమన్నా పడతాను.

నీ పర్వతాలు


మిర్యాలగూడ,
గురువారం

బావా,

మందుల గదిలో నిలబడి నీ ఉత్తరం చదివాను. కూర్చుని మళ్లీ చదివాను. నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను.

నన్ను డిప్యుటేషన్‌కు ఎవరూ పంపలేదు. నేనే అడిగి వచ్చాను. ఇంట్లో నువ్వు నా ముఖం చూడటం మానేశావు. పిలిస్తే ఉలిక్కిపడేవాడివి. రాగానే బాత్రూంలోకి వెళ్లి అరగంట సబ్బుతో చేతులు రుద్దుకునేవాడివి. ఇంకెవరో ఉన్నారనుకున్నాను. అడిగితే అవునంటావేమోనని భయం. అక్కడ నాతో డ్యూటీ చేసే సిస్టర్ వాసవి, "ఒక్కమాట అడగరాదే" అంది. అడగలేక పారిపోయి వచ్చాను.

నిన్ను పరీక్షించడానికే, వద్దని చెప్పానని ఫోన్లో అబద్ధమాడాను. "ఎందుకు వద్దన్నవ్?" అంటావేమోనని చూశాను. "సరే" అని పెట్టేశావు. అదే మధ్యాహ్నం చేరతానని సంతకం చేశాను. ఉండటానికి దవాఖాన వాళ్లిచ్చే క్వార్టర్ కాగితంలో ఎంతమంది ఉంటారు అన్నచోట "ఒక్కరు" అని రాశాను. ఇగ ఖతం అనుకున్నాను, బావా. నిజంగానే అనుకున్నాను.

ఉద్యోగం పోయినందుకు నాకు కోపం లేదు. నలభై రోజులు నన్ను పరాయిదాన్ని చేసినందుకు ఉంది. అది ఒక్క ఉత్తరంతో పోదు. ఈ ఉద్యోగంలో మాత్రం చేరుతున్నాను. అందులో మార్పు లేదు.

ఇందాక ఆఫీసుకు వెళ్లి క్వార్టర్ కాగితం అడిగి తీసుకున్నాను. "ఏమైందమ్మా?" అన్నాడు క్లర్కు వెంకటేశ్వర్లు. "తప్పు రాసిన సార్" అని, "ఒక్కరు" కొట్టేసి "ఇద్దరు" అని రాసి, పక్కన సంతకం పెట్టాను.

ఆదివారం పొద్దుటి బస్సుకు రా. ముందు పోట్లాడుకుందాం, తర్వాత అన్నం తిందాం.

నీ సంతోషి