తుంగలకుంట దిబ్బ మీది మూడు గుడ్లు

చెరువుల సుందరీకరణ అధికారి గారి సముఖమునకు, కొత్తపేట నివాసి, పదవీ విరమణ పొందిన గుమాస్తా త్రినాథరావు సమర్పించుకొను రెండవ అర్జీ.

అయ్యా,

విషయం: హయత్‌నగర్ పక్కన తుంగలకుంట నడుమ గల దిబ్బను సోమవారం చదును చేయు పని ఆపుట గురించి.

1. సదరు కుంట నీరు వాగు గుండా మూసీలో కలియును. దాని నడుమ దిబ్బపై నల్ల తల, పసుపు ముక్కు గల నదిపిట్ట మూడు గుడ్లు పెట్టినది. ఈ జాతి నానాటికీ తగ్గిపోవుచున్నది. ఇది గూడు కట్టదు, నీళ్ల నడుమ ఒట్టి నేలపైనే గుడ్లు పెట్టును. కుక్కలు రాలేవని దాని ధైర్యం. తమరు రాగలరని దానికి తెలియదు.

2. తమ కార్యాలయం గత నెల పక్షుల గణన జరిపినది. అంటే, కట్ట మీద జీపు ఆపి, జనం జొన్నలు చల్లే చోట పావురాలను లెక్కించి, "పక్షుల సంఖ్య నాలుగింతలు పెరిగినది" అని నివేదిక పంపినారు. పావురాలు నా బాల్కనీలోనూ ఉన్నవి. వాటిని చూచుటకు బైనాక్యులర్లు, ముగ్గురు సిబ్బంది ఎందుకు? ఆ బైనాక్యులర్లు కళ్లకు ఆనించి తమరు ఫోటో కూడా దిగినారు. మూతలు తీయలేదు.

3. పక్షులు దండిగా ఉన్నందున దిబ్బ అవసరం లేదని తేల్చి, అక్కడ సిమెంటు కొంగను నిలబెట్టుటకు ఉత్తర్వు ఇచ్చినారు. ఈ ఆలోచన పుట్టిన బుర్రకు ఒక దండం.

4. నా మొదటి అర్జీకి "పరిశీలించి తగు చర్య తీసుకొనబడును" అని జవాబు వచ్చినది. ఆ వాక్యం నాకు నేర్పకండి. ముప్పై ఒక్క ఏళ్లు నేనే రాశాను. రాసిన ప్రతిసారీ అర్జీని ఏ బీరువా అడుగున పడేశానో నాకు తెలుసు. ఇప్పుడు సిగ్గుగా ఉంది. రోజూ వెళ్లి ఆ పిట్టను చూస్తున్నాను. మిట్టమధ్యాహ్నం అది నీళ్లలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మన ఇద్దరి సర్వీసు కలిపినా అంత పని జరగలేదు.

కావున పిల్లలకు రెక్కలు వచ్చి ఎగిరే వరకు, రెండు నెలలు, పని నిలిపివేయవలెనని కోరుతున్నాను. ఈసారైనా గుమాస్తాకు వదలక, తామే చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు (అలవాటు కొద్దీ),
త్రినాథరావు

తా.క.: సంతకం చేసి కుంట దగ్గరకు వెళ్లేసరికి మీ మిషన్ ఒకరోజు ముందే, ఆదివారమే వచ్చి ఉంది. డ్రైవర్ మహేందర్‌ది నల్గొండ వైపు ఊరు. నీళ్లలో నడిపించి తీసుకెళ్లి, కాస్త దూరం నుంచే గుడ్లు చూపించాను. మిషన్ తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, "మా ఊరి చెర్ల గీ పిట్టలుంటుండె సార్. చూడక శానేండ్లయింది. నేనైతే నడప. గంత షోకుంటే ఆ సార్‌నే ఒచ్చి నడుపుమను" అన్నాడు. మిషన్ కట్ట మీదే ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. దయచేయండి. నీళ్లు మోకాలి లోతే, బూట్లు నేను పట్టుకుంటాను. మిషన్ ఎక్కే ముందు ఒక్కసారి గుడ్లు లెక్కపెట్టండి. మూడే కదా, ఈ లెక్క తప్పదు.