గోధుమకు మంచు దుప్పటి

డిసెంబరు 9, మంగళవారం

ఇవాళ ఫిలింనగర్ స్టూడియోలో చైనా సీరియల్ డబ్బింగ్. తెలుగు మాటలు నావి. అందులో ముసలి రైతు, "గోధుమ మీద మూడు దుప్పట్ల మంచు పడితే, వచ్చే ఏడాది రొట్టెల మీద తల పెట్టి పడుకోవచ్చు" అంటాడు. మనవాళ్లకు ఎక్కదని నేను ఆరుద్ర కార్తె వాన సామెత రాశాను. రైతుకు గొంతు ఇస్తున్న యాదగిరి గారు మధ్యలో ఆగిపోయారు.

"మేడం, గాడ తెర మీద మంచు పడుతుంటే నేను వాన అంటే ఎట్ల?"

అసలు సామెతే మళ్లీ రాసిచ్చాను. మంచుకు పైరు చావదా అని అడిగారు.

"చావదండీ. పైన మంచు కప్పి ఉంటే కింద మొలకకు చలి తగలదు. దాన్ని కదపకూడదు, అంతే."

అన్నాక మా ఆయన గుర్తొచ్చారు. తను తీస్తున్న సినిమా ఆగిపోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడడం లేదు. నేనేమో రోజూ అన్నం దగ్గర, నిర్మాతలను ఎవరినైనా కలిశారా అని తవ్వి తవ్వి అడుగుతున్నాను.

ఈ రాత్రి అడగలేదు. పెరుగన్నం దాకా చూసి ఆయనే అన్నారు.

"ఏంది, ఇయ్యాల ఏం అడుగుతలేవు?"

కోపమో, ఎదురుచూపో తెలియలేదు. ఏమీ లేదన్నాను. చెయ్యి ఎండిపోతున్నా ఆయన లేవలేదు. నేనూ లేవలేదు.