తాడు కట్టిన చోటు

కిసో లోయ,
ఏప్రిల్ 26.

సెత్సుకు,

ఉత్తరం మొదట్లో వాతావరణం గురించి రాయాలని, ఎదుటివారి క్షేమం అడగాలని మనకు బళ్ళో నేర్పారు కదా. అందుకని రాస్తున్నాను. మంచు కరిగింది. కొండచెర్రీలు విచ్చుకున్నాయి. నువ్వు కులాసాగానే ఉన్నావని తెలుసు, నిన్న నీ పెరట్లో నవ్వులు మా అరుగు దాకా వినిపించాయి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

కింది ఇంటికి స్టాంపు అంటించి ఉత్తరం వేసే పిచ్చిది ఎవరా అని పోస్టుమాన్ నవ్వుకుంటే నవ్వుకోనీ. నీ ఎదురుగా నిలబడితే నా నోరు నా మాట వినదు.

ఈ రోజు పొద్దున మళ్ళీ వెనక వాలుకు వెళ్ళాను. కొనారా చెట్లకు ఇంకా ఆకు రాలేదు, ఎండ నేల దాకా దిగుతోంది. ఏటా ఈ రోజుల్లోనే ఆ చెట్ల కింద యమబుకిసో పూలు పసుపు ఆరబోసినట్టు పరుచుకునేవి. ఇప్పుడు ఒక్క మొలక లేదు. వెదురుగడ్డి మాత్రం అడిగేవాళ్ళు లేరని దర్జాగా లేస్తోంది.

తెలియనిదానివైతే పోనీలే అనుకుందును. ఆ పువ్వుకు నీడ కావాలి, కానీ పూసేముందు కాస్త ఎండా కావాలి. చెట్లు చిగురించి నీడ చిక్కబడ్డాక ఆకులు వాడ్చుకుని నేలలోకి పోయి పడుకుంటుంది. ఆగస్టులో బొన్ పండుగ నాటికి పైన ఏమీ కనిపించదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అది చూసి మొక్కలన్నీ చచ్చిపోయాయని ఏడిస్తే, "పిచ్చిదానా, పడుకున్నవాళ్ళను చూసి ఎవరైనా ఏడుస్తారా?" అన్నాడు మా ఆయన. ఆకులు వాడగానే ఆ చోటు చుట్టూ గడ్డితాడు కట్టేవాడు, ఎవరూ తొక్కకూడదని. రాలిన ఆకులు ఊడ్వనిచ్చేవాడు కాదు. చీమలు గింజలు మోసుకుపోతుంటే, "నా కూలీలు పనిలోకి దిగారు, కాళ్ళు చూసుకుని నడవండి" అని నీ చేత చెప్పులు విప్పించాడు. గుర్తుందా, లేక అదీ పెకలించి పారేశావా?

పోయిన వేసవిలో నేను కాలు విరిగి పట్నం ఆసుపత్రిలో పడి ఉన్నాను. ఇల్లు చూసుకుంటానని నువ్వే మాట ఇచ్చావు. బొన్ పండుగకు చనిపోయిన పెద్దలు కొండ మీది సమాధుల నుంచి ఇంటికి నడిచి వస్తారు, వాళ్ళ దారిలో గడ్డి కోయాలి. ఎవరు కాదన్నారు? గడ్డి కోయమంటే దారి పక్కన తాడు కట్టిన చోటంతా పార పెట్టి తవ్వి, వేర్లన్నీ గడ్డితో కలిపి తగలబెట్టడమా! పైగా ఆ తాడును చక్కగా చుట్ట చుట్టి కొట్టంలో మేకుకు తగిలించడం! ఏం నిబ్బరమే నీది!

ఊతకర్రతో ఇంటికొచ్చి అడిగితే, "బోసిగా ఉంటే ఏమీ లేదనుకున్నానే కినూ, పెద్దలు నడిచే దారి కదా, కాస్త వెడల్పు చేశా" అన్నావు, తల దించుకుని. ఈ కొండ మీద పుట్టి పెరిగినదానివి! తర్వాత తీపి ఉండలు చేసి మా గుమ్మంలో పెట్టి వెళ్ళావు. వాటిని కుక్కకు వేశాను. అది కూడా తెలుసుకో.

నా సంగతి వదిలెయ్. మా ఆయన తోకుజిరో ముఖం ఎప్పుడైనా చూశావా? ఆ పూల ఊసెత్తితే "ఏ పూలు?" అంటాడు. అంతగా మనసు విరిగిపోయింది. చలికాలమంతా మాట తగ్గించేశాడు. మొన్న కొడవలి తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టాడు. నిన్న నీళ్ళు కాచకుండానే పోయి స్నానపు తొట్టిలో కూర్చున్నాడు. దిగులు మనిషిని ఇంత పని చేస్తుందని నాకు తెలియదు. దీనికి ఏ దేవుడి ముందు జవాబు చెప్పుకుంటావు?

ఇక నీకూ నాకూ ఏమీ లేదు. చలికాలానికి ముల్లంగి ఊరేసుకోవడానికి మా పీపా కావాలని రాకు. దారిలో ఎదురైతే పలకరించకు.

ఒకప్పటి నీ స్నేహితురాలు,
కినుయో

తా.క. కవరు అంటించబోతుంటే వెనక నుంచి పార చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే మా ఆయన ఆ ఉత్త వాలును తవ్వుతున్నాడు. ఏం చేస్తున్నారని అడిగాను. "బొన్ వస్తోంది కదే, పెద్దలకు దారి చెయ్యొద్దూ?" అన్నాడు. ఇది ఏప్రిల్ అండీ అన్నాను. వినిపించుకోలేదు. గొంతు తగ్గించి, "ఆ సెత్సు వస్తుందేమో ఓ కన్నేసి ఉంచు. పోయినసారి పడుకున్నాయి, పడుకున్నాయి అని ఏడుస్తూ నా చేతిలో పార లాక్కుంది. ఇక్కడ పడుకున్నది ఎవరే?" అన్నాడు.

కొట్టంలోకి వెళ్ళి ఆ తాడు చూశాను. కొస లోపలికి దోపి ఉంది. ఈ ఇంట్లో అలా దోపేది ఆయనొక్కడే. ఇన్నాళ్ళూ కళ్ళెదుటే వేలాడుతున్నా కోపంలో చూడలేదు.

ఈ ఉత్తరం చింపను, నువ్వు చదవాల్సిందే. ఆయన తప్పు నీ నెత్తిన వేసుకుని, నాకు చెప్పకుండా ఇన్ని నెలలు మోసినందుకు ఈ తిట్లన్నీ నీకు తగినవే. చదివి వెంటనే పైకి రా. ఆయనకు నీ పేరు ఇంకా గుర్తుంది.