ఆదివారం ఉత్తరంలో మొదటి మాట

ధర్మవరం,
ఆగస్టు 10, ఆదివారం

ప్రియమైన కేశవా,

మీ హాస్టల్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. నీకు ఏం చెప్పాలో ఇప్పటిదాకా తోచలేదు. మీ కాలేజీలో పిల్లలకు ఫోన్లు ఉండకూడదు. వార్డెన్ ఫోన్లో మాట్లాడదామంటే ఆయన పక్కనే నిలబడి ఉంటాడు. అందుకే నీ పాత నోటుబుక్కులో కాగితాలు చించి కూర్చున్నాను. పదో తరగతి తప్పినవాడి రాత ఇది. తప్పులుంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

మీ వార్డెన్ ఓబుళేసు సార్ ఆ బీరు సీసా బల్ల మీద పెట్టి, "మీవాని పెట్టెలో దొరికిండాదప్పా, ఏం చేద్దాం చెప్పు" అన్నప్పుడు నువ్వు నా చేతులవైపే చూశావు, దెబ్బ ఎప్పుడు పడుతుందా అని. కొట్టకపోయేసరికి ఇంకా ఎక్కువ భయపడ్డావు. ఎందుకు కొట్టలేదో ఆయన ముందే చెప్పాను. నువ్వు తల ఎత్తలేదు కాబట్టి విన్నావో లేదో తెలియదు. మళ్లీ చెబుతున్నాను.

నేత పూర్తయి మగ్గం మీద నుంచి చీర కోసిన రోజు మన వీధిలో మగవాళ్లు తాగుతారు. మా నాయన తాగాడు, నేనూ తాగాను. రోజుల తరబడి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నడుముకు అదే మందని అనుకునేవాళ్లం. పోనుపోను చీర కోయని రోజుల్లో కూడా నడుము నొప్పి పుట్టింది నాకు. ఆ సీసా తెచ్చేది నువ్వే. నా పేరు చెబితే చాలు, అప్పటికి పన్నెండేళ్ల పిల్లవాడివని కూడా చూడకుండా వైన్ షాపువాడు నీ చేతికిచ్చేవాడు. మొన్న వేసవిలో నువ్వు మొదటిసారి ఒక చీర మొత్తం నేశావు. అంచు ఎక్కడా వంకరపోలేదు. గర్వంతో నాకు కళ్లు మూసుకుపోయాయి. గ్లాసులో రెండు మూతలు పోసి, నీళ్లు కలిపి, "తాగురా, ఈ పొద్దు నుంచి నువ్వు మొగోనివి" అని ఇచ్చాను. ఎదురింటి ఈరప్ప చప్పట్లు కొట్టాడు. మీ అమ్మ ఒక్కతే లేచి లోపలికి పోయింది.

మీ అమ్మ వెనకే నేనూ పోయి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. నీ పెట్టెలోకి సీసా రావడానికి దారి వేసింది నేను. ఆ దారిన పోయిన నిన్ను ఏ మొహం పెట్టుకుని కొట్టాలి?

ఈ రోజు నుంచి నేను మానేస్తున్నాను. ఒక పద్ధతి పెట్టుకుందాం. ఒక ఆదివారం నేను రాస్తాను, మరుసటి ఆదివారం నువ్వు రాయి. ఎవరు రాసినా మొదటి మాట ఒకటే, తాగానా లేదా అని. తాగితే తాగానని రాయి. తిట్టను. మరీ తిట్టాలనిపిస్తే ఈరప్పను తిట్టుకుంటాను.

అమ్మ చెనిక్కాయల పొడి పంపింది. నలుగురికీ పెట్టి తిను.

నీ మేలు కోరే
నాయన, మార్కండేయ

అనంతపురం,
ఆగస్టు 17, ఆదివారం

ప్రియమైన నాయనకు,

తాగలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈ హాస్టల్లో ఉత్తరం వచ్చేది నాకొక్కడికే. వాచ్‌మన్ కూడా, "ఏమప్పా, యా కాలంలో ఉండాడు మీ నాయన?" అని నవ్వాడు.

ఆ రోజు నువ్వు సార్‌తో, "తొలి గుక్క పోసింది నేనే సార్, కొట్టాలంటే నన్ను కొట్టండి" అన్నది విన్నాను. తల ఎత్తితే ఏడుస్తానని ఎత్తలేదు. అదే రోజు నా పక్క మంచం జయరాం కూడా దొరికాడు. వాళ్ల నాన్న వాణ్ణి వరండాలో అందరి ముందు చెప్పుతో కొట్టాడు. వాడు ఆ సాయంత్రమే మళ్లీ గోడ దూకాడు. నాకు నీలాంటి నాయన ఉన్నందుకు ఆ పూట నేను అన్నం తినగలిగాను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు నిజంగా మానేయగలవా? నేను పుట్టకముందు నుంచీ తాగుతున్నావు కదా.

పొడి రెండు రోజుల్లో అయిపోయింది. అమ్మను అడిగానని చెప్పు.

నీ కొడుకు
కేశవ

ధర్మవరం,
ఆగస్టు 24, ఆదివారం

ప్రియమైన కేశవా,

తాగలేదు. రెండు వారాలైంది.

మానేయగలవా అని అడిగావు. కోపం వచ్చింది, ఎందుకు దాచాలి? మగ్గం దిగి వీధి చివరిదాకా పోయి వచ్చాను. తిరిగొచ్చేసరికి నువ్వు అడిగింది న్యాయమే అనిపించింది. రాసినంత సులభం కాదురా ఇది. చేతులు వణుకుతున్నాయి. తెగిన పోగు ముడి వేయడానికి మీ అమ్మను పిలవాల్సి వస్తోంది. ఆమె పోరితే సర్కారు ఆసుపత్రికి పోయాను. ఇన్నేళ్ల అలవాటు ఉన్నట్టుండి మానితే ఒళ్లు తిరగబడుతుందని, చూపించుకుంటూ ఉండమని డాక్టరమ్మ మాత్రలిచ్చింది. నిన్న మీ అమ్మ ముడి వేస్తూ వేస్తూ, "ఇన్నేండ్లకు సాయంత్రం పూట నీ మాట తిన్నగా ఇంటాండా" అంది. నాకు పట్టుశాలువా కప్పినంత సంతోషమైంది.

ఇంకో సంగతి. జయరాం అనేవాడు ఉన్నాడని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. నువ్వు నేసిన చీర కొంగులో ఎన్ని నెమళ్లు ఉన్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నీ స్నేహితులెవరంటే మాత్రం చెప్పలేను. వాళ్ల పేర్లు రాయి. ఎవరు బాగా పాడతారు, ఎవరు గురక పెడతారు, ఎవరి మీద నీకు మంట, అన్నీ రాయి. చదువు సంగతి ఆ తర్వాత రాసినా ఫర్వాలేదు.

ఇక్కడ వాన లేదు. మబ్బు రోజూ వచ్చి మొహం చూపించి పోతోంది. మగ్గం మీది చీర సెప్టెంబరు 7కి అయిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం కోస్తాను. నిజం చెప్పాలంటే ఆ రోజును తలుచుకుంటేనే నాకు భయంగా ఉంది.

నీ ఉత్తరం కోసం చూసే
నాయన

అనంతపురం,
ఆగస్టు 31, ఆదివారం

ప్రియమైన నాయనకు,

తాగలేదు.

చదువు ఎక్కువగా ఉంది. స్నేహితుల పేర్లు ఇంకోసారి రాస్తాను.

చీర ఏడో తేదీనే కోస్తావా? మధ్యాహ్నం ఎన్నింటికి? ఈరప్ప మామ వస్తాడా? ఊరికే అడిగాను.

కేశవ

ధర్మవరం,
సెప్టెంబరు 7, ఆదివారం

ప్రియమైన కేశవా,

తాగలేదు. కానీ ఆ ఒక్క మాటతో సరిపెడితే ఈసారి అది సగం అబద్ధమవుతుంది.

మూడింటికి చీర కోశాను. మడత పెట్టేలోపే ఈరప్ప సీసాతో దిగాడు. నేను వద్దన్నాను. వాడు వింటాడా! "ఇన్ని దినాలు ఒక్కపొద్దు ఉన్న్యావు, చాల్లే. ఒక్క గుక్కకు ఏమయితాది? కేశవ ఏమన్నా సూడొచ్చినాడా?" అని గ్లాసు నా చేతిలో పెట్టాడు.

తీసుకున్నాను. ముక్కు దగ్గరికి కూడా పోనిచ్చాను కేశవా. ఆ వాసనకు నోట్లో నీళ్లూరాయి. వాడన్నది నిజమే, నువ్వు చూడటం లేదు. తాగి కూడా 'తాగలేదు' అని రాయొచ్చు, నీకు తెలిసే దారి లేదు. అప్పుడు ఈ కాగితం గుర్తొచ్చింది. ఇంకో గంటలో కూర్చుని మొదటి మాట రాయాలి. "వాడు సూడకపోతే ఏమప్పా, వానికి రాయాల్సింది నేను గదా" అని గ్లాసు వాడి చేతిలోనే పెట్టేశాను. వాడు మొహం మాడ్చుకుని పోయాడు. నేను లోపలికి పోయి మీ అమ్మ ముందు చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

ఈ సిగ్గుమాలిన సంగతి నీకెందుకు రాస్తున్నానంటే, మానడమంటే ఇలాగే ఉంటుందని నీకు తెలియాలి. నీ చేతిలోనూ ఎవరో ఒకరు గ్లాసు పెడతారు. తీసుకుని ఉన్నా నాకు రాయి. నువ్వు ఆ చివర ఉండి ఉత్తరం కోసం చూస్తున్నావు కాబట్టి నేను ఈ రోజు నిలబడగలిగాను. కొడుకు తండ్రికి ఇంతకంటే ఏం మేలు చేయాలి? సంతోషంగా ఉందిరా.

నీ
నాయన

అనంతపురం,
సెప్టెంబరు 11, గురువారం

ప్రియమైన నాయనా,

తాగాను.

ఆదివారం దాకా ఆగలేక ఇప్పుడే రాస్తున్నాను. పోయిన ఉత్తరంలో 'తాగలేదు' అని రాసేనాటికి ఆ వారంలోనే రెండుసార్లు తాగాను. అది కాక జయరాం ఏవో మాత్రలు తెస్తున్నాడు. వేసుకుంటే నిద్ర రాదు, ఎంతైనా చదవొచ్చు అంటాడు. నేనూ వేసుకుంటున్నాను. చదివిందేమీ లేదు.

ఆదివారం నేను ధర్మవరం వచ్చాను. ఔటింగ్‌కని చెప్పి బస్సెక్కాను. నిన్ను చూడటానికి కాదు నాయనా, పట్టుకోవడానికి వచ్చాను. నువ్వు కూడా అబద్ధమే రాస్తున్నావని తేలితే, నా అబద్ధం నన్ను ఇంత కొరకదు అనుకున్నాను. మన ఇంటి పక్క సందులో కిటికీ దగ్గర నిలబడ్డాను. ఈరప్ప మామ గ్లాసు ఇవ్వడం, నువ్వు తీసుకోవడం, ముక్కు దగ్గరికి ఎత్తడం చూశాను. ఇంకేం చూడాలని అక్కడి నుంచి బస్టాండుకు పరుగెత్తాను. బస్సులో ఎంత సంతోషపడ్డానో! ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. హాస్టల్‌కు రాగానే రెండు మాత్రలు కలిపి వేసుకున్నాను. ఇక నన్ను అడిగేవాళ్లు లేరనుకున్నాను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. మొదటి మాట చూసి, "దొరికినావు నాయనా" అని నవ్వాను. ఆ తర్వాతి వాక్యానికి నవ్వు పోయింది. గ్లాసు సంగతి రాశావు. ముక్కు దగ్గరికి పోనిచ్చిన సంగతీ రాశావు. దాచాలనుకునేవాడు అది రాయడు. నేను చూసినంతవరకు ఒక్క అక్షరం తేడా లేదు. అందుకే నేను చూడకుండా వచ్చేసినదాన్ని కూడా నమ్మాను.

మిగిలిన మాత్రలు తీసుకుని నేనే ఓబుళేసు సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన వాటిని కాగితంలో పొట్లం కట్టి సొరుగులో పెట్టారు. తర్వాత, "మీ నాయనకు నేను ఫోన్ చేసేదా, నువ్వు చెప్తావా?" అన్నారు. నేనే రాస్తానన్నాను. సోమవారం పొద్దున పెద్దాసుపత్రికి తీసుకెళ్తామన్నారు. ఇంటివాళ్లు కూడా ఉండాలట. నువ్వూ అమ్మా రండి. జయరాంను నాతో రమ్మని బతిమాలాను, రాలేదు. వాళ్ల నాన్నతో నువ్వు ఒకసారి మాట్లాడతావా? నువ్వు చెబితే వినొచ్చు.

నువ్వు తాగనందుకు సంతోషమే. కానీ నీకు దండం పెడుతున్నది అందుకు కాదు. తాగబోయానని నాకు రాశావు చూడు, అందుకు. అది రాయకపోయి ఉంటే నేను తిరిగి రాలేనంత దూరం పోయేవాణ్ణి.

సోమవారం డాక్టరు అడిగేటప్పుడు నేను తడబడొచ్చు. అప్పుడు నా బదులు నువ్వు చెప్పొద్దు నాయనా. ఎంతసేపైనా నేనే చెబుతాను. నువ్వు పక్కన కూర్చో, చాలు.

గేటు దగ్గర ఎదురుచూసే
కేశవ